హద్దురాయికి అవతలి ముఖం

సున్నపురాయిని నీళ్ళలో వేస్తే వెంటనే ఏమీ జరగదు. రాయి నీళ్ళు తాగి కాసేపు ఊరుకుంటుంది. మనం ఇక ఇది చచ్చురాయి అనుకునే వేళకు బుసకొట్టి ఉడకడం మొదలుపెడుతుంది. "ఇది అచ్చం మా ఆడపడుచే. అన్నప్పుడు పలకదు, ఇంటికెళ్ళాక ఉడుకుతుంది," అనేది మా అత్తయ్య. ప్రతి ఏడూ అదే మాట. ప్రతి ఏడూ నవ్వేవాళ్ళం.

ఆ ఏడాది కూడా మంచు కరగగానే పెరట్లో గుంటలో సున్నం నానేశాం. మా ఆయన వెల్ల వేసే మేస్త్రి. మిగతా కాలమంతా ఇళ్ళకూ, బడికీ, ఆసుపత్రి గోడలకూ వేసినా ఆ రోజులు మాత్రం గట్టు మీది హద్దురాళ్ళవి. మా ఊరి వెనక గట్టు ఎక్కితే రెండు దేశాల మధ్య గీత ఉంటుంది. గీత అని పేరే గానీ ఉన్నది గడ్డిలో వరసగా నిలబెట్టిన రాళ్ళు, ఒక్కొక్కటి మనిషి ఎత్తు. ప్రతి రాయికీ ఒక అంకె. మన వైపు ముఖానికి నీలం పట్టీ, అవతలి వైపు ముఖానికి ఎర్ర పట్టీ. బేసి అంకెల రాళ్ళు మన మేస్త్రి వంతు, సరి అంకెలవి అవతలి మేస్త్రి వంతు. ఎవరి వంతు రాయికి వాళ్ళు నాలుగు పక్కలా వెల్ల వేసి, రెండు పట్టీలూ తామే దిద్దాలి. అంటే వాళ్ళ ఎర్ర పట్టీని మా ఆయన దిద్దేవాడు, మన నీలం పట్టీని వాళ్ళ మేస్త్రి దిద్దేవాడు. ఈ పద్ధతి పెట్టిన పెద్దలెవరో గానీ మనసున్న వాళ్ళే అయ్యుండాలి. మన చేత్తో సున్నం వేసిన గోడ మీద రాయి విసరబుద్ధి కాదు.

అవతలి మేస్త్రిది ఎడంచేతి వాటం. గట్టుకు అటూ ఇటూ మాట ఒకటే, యాసలో కాస్త తేడా. మా ఆయనా అతనూ బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్ళు. ఆయనకు బావ అయితే నాకు అన్నయ్యే కదా, నేను అలాగే పిలిచేదాన్ని. మధ్యాహ్నం వేళ ఏదో ఒక రాయి నీడలో ఆయన గీతకు ఇటు, అన్నయ్య గీతకు అటు కూర్చుని, అన్నం డబ్బాలు మాత్రం మధ్యలో పెట్టుకునేవాళ్ళు. "తిండికి సరీ బేసీ లేదు చెల్లెమ్మా," అని నా డబ్బాలోకి చెయ్యి పెట్టేవాడు. వదిన చేసి పంపిన ముద్ద ఒకటి నా చేతిలో పెట్టేవాడు. వదినను నేను ఎప్పుడూ చూడలేదు. ఆమె వంటలో ఉప్పు తక్కువని మాత్రం తెలుసు.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను. పొద్దున్నే లేచి దీపం పెట్టి చేసుకునే ప్రార్థన మా నాన్న నేర్పింది, చాలా చిన్నది. ఇంటిని కాయమనీ, ఒంట్లో సత్తువ ఇమ్మనీ అడిగి, ఆఖరున "నా నోట, నా ఇంటివాళ్ళ నోట అబద్ధం రానివ్వకు" అని ముగిస్తాను. దేవుణ్ణి అంతకంటే అడగడం నాకు రాదు.

ఆ ఏడాది రేడియో పెడితే చాలు, మా గట్టే. మేం గడ్డి కోసుకునే చోటును "వ్యూహాత్మక శిఖరం" అంటున్నారు. అవతలి రేడియో పెట్టినా అదే, శిఖరం తమదని వాళ్ళు చెబుతున్నారు. అత్తయ్య పాలు పితుకుతూ వినేది. "మన మేక ఈనింది శిఖరం మీదని దానికి చెప్పకండి. అసలే పొగరుబోతుది," అనేది.

ఒక పొద్దున గొర్రెల కాపరి వచ్చాడు. అతని మందకు హద్దు తెలియదు, అతనికి తెలిసినా పట్టదు. సొంతిల్లు ఇవతల, అత్తగారిల్లు అవతల. ఊళ్ళో అందరూ అతన్ని రెండిళ్ళాయన అనేవాళ్ళు. గడప బయటే కర్ర మీద ఆనుకుని నిలబడి చెప్పాడు.

"మేస్త్రీ, మీ బావకు ఒంట్లో బాలేదు. ఊపిరాడట్లేదు. మంచం దిగట్లేదు."

"ముక్కుకు గుడ్డ కట్టుకో బావా అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. వింటేగా," అన్నాడు మా ఆయన.

"సరి రాళ్ళు మిమ్మల్ని చూసుకోమన్నాడు. వాళ్ళ ఆఫీసులో జబ్బని చెప్పలేదట. చెబితే ఇంకొకణ్ణి పెడతారు, మళ్ళీ పని ఇవ్వరని భయం."

మా ఆయన సున్నం కలుపుతున్న కర్ర ఆపలేదు. "అయిపోయిందనుకోమని చెప్పు. లేవకుండా పడుకోమను."

కాపరి వెళ్ళాక నేను అన్నాను. "ఏవండీ, ఈ ఒక్క ఏడాదికీ వద్దేమో. రేడియో మీరూ వింటున్నారుగా."

"నా చెయ్యి విరిగిన ఏడాది బేసి రాళ్ళు ఎవరు వేశారు? రేడియో వినే వేశాడా ఆయన?"

"అప్పుడు ఇంత గొడవ లేదు."

"గొడవ వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు. మనది వెల్ల." అని నవ్వాడు. "అప్పుడు ఏం చేశాడో తెలుసా? కుడిచేత్తో వేశాడు, అచ్చం నా చారలే. మన ఆఫీసరు చూసి, ఈసారి చెయ్యి తిరిగిందోయ్ అని నన్ను మెచ్చుకున్నాడు. విరిగిన చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డాను."

చారల సంగతి చెప్పాలి. కుడిచేతి మేస్త్రి కుంచెను కిందికి లాగితే చార కొస ఎడమకు వాలుతుంది, ఎడంచేతి వాళ్ళది కుడికి. వెల్ల ఆరాక ఎండ పక్క నుంచి పడితే ఎవరి చెయ్యో చెప్పేయవచ్చు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం డబ్బా తీసుకుని గట్టెక్కాను. మా ఆయన ఒక సరి రాయి దగ్గర ఉన్నాడు. దూరం నుంచి చూసి చేతికేదో అయిందనుకున్నాను. కుంచె ఎడమచేతిలో ఉంది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, అప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లవాడిలా లాగుతున్నాడు.

"ఏమైందండీ చేతికి?"

"ఏమీ కాలేదు. రాయి ఆయనది, చార కూడా ఆయనదే ఉండాలి. రేపు వాళ్ళ ఆఫీసరు వచ్చి చూస్తే తేడా కనపడకూడదు." వెనక్కి జరిగి తలవంచి చూసుకున్నాడు. "కాస్త వంకరొచ్చింది గానీ, జ్వరం చేతితో వేశాడనుకుంటారులే."

అవతలి ముఖం అప్పటికే అయిపోయింది. ఎర్ర పట్టీ తళతళలాడుతోంది. ఇవతలికి వచ్చి నీలం డబ్బా మూత తీశాడో లేదో, కింద బాటలో మిలిటరీ జీపు ఆగింది. ఇద్దరు జవాన్లూ, మెడలో కెమెరా వేసుకున్న ఒక కుర్రాడూ దిగి పైకి వచ్చారు. వాళ్ళను చూడగానే మా ఆయన కుంచె కుడిచేతికి మార్చాడు.

కుర్రాడు పేపరువాడు. ఆయాసపడుతూ రాయి మీది అంకె చదివాడు. "ఇది సరి అంకె కదండీ? అంటే వాళ్ళ వంతు కదా?"

"అవునండీ."

"మరి మీరు వేస్తున్నారేం?"

మా ఆయన నా వైపు చూశాడు. జబ్బు సంగతి బయటపెడితే అన్నయ్య పని పోతుంది. "వాళ్ళు రాలేదండీ. రాయి మాసిపోయి ఉంటే చూడబుద్ధి కాక వేస్తున్నాను," అన్నాడు. అందులో అబద్ధం లేదు.

ఆ అబ్బాయి ఫొటో తీసుకున్నాడు. అవతలి ముఖం కూడా చూద్దామని ఒక అడుగు వేశాడు. జవాను భుజం పట్టుకుని ఆపాడు, గీత దాటడానికి వీల్లేదని. అందుకని రాయికి ఈ పక్క నుంచే ఇంకొకటి తీసుకున్నాడు. నేను డబ్బాలో ఉన్న రొట్టె పెడితే కూర్చుని తిన్నాడు. మా అమ్మ కూడా ఇలాగే చేస్తుంది అన్నాడు. చెడ్డవాడేమీ కాదు. ఇప్పటికీ నాకు అర్థం కానిది అదే.

మర్నాటి పేపర్లో మొదటి పేజీలో మా ఆయన ఉన్నాడు. "వాళ్ళు రాలేదు, మనవాడు వచ్చాడు" అని తాటికాయంత అక్షరాలు. రాయి బాగోగులు ఎవరు చూసుకుంటే అది వాళ్ళ స్వాధీనంలో ఉన్నట్టేనని పాత ఒడంబడికలో ఒక మాట ఉందట. ఒక మామూలు మేస్త్రి కుంచె పట్టుకుని సరి రాళ్ళన్నీ దేశానికి తెచ్చిపెట్టాడట. సాయంత్రానికి టీవీలో కూడా వచ్చింది.

"పెళ్ళి ఫొటోలో కూడా మావాడు ఇంత బాగా పడలేదు. ముక్కు మీద సున్నం ఒక్కటి తుడుచుకునుంటే ఇంకా బాగుండేది," అంది అత్తయ్య. ఆ రోజు వరకూ అది మాకు వేళాకోళంగానే ఉంది.

మంగలి దగ్గర మా ఆయనకు వరసలో ఆగే పని తప్పింది. రండి మేస్త్రీ, మీరు ఆగడమేమిటని ముందు కూర్చోబెట్టారు. రొట్టెల కొట్టులో నాకు ముందుగా ఇచ్చారు. ఎదురింటావిడ, కొడుకు మిలిటరీలో ఉన్నావిడ, నా చెయ్యి పట్టుకుని "నీ మొగుడు మొగాడమ్మా" అంది. తల ఊపాను. తర్వాత లారీలు వచ్చాయి. బడి ఖాళీ చేయించి జవాన్లను దించారు. మా ఆయన వెల్ల వేసిన గోడలకే తుపాకులు ఆనించారు. అవతల కూడా అంతేనని కాపరి చెప్పాడు. ఇవతల ఎన్ని లారీలుంటే అవతల దానికి ఒకటి ఎక్కువ, మళ్ళీ ఇవతల ఇంకొకటి. పిల్లలు కర్రలు కొలుచుకున్నట్టు కొలుచుకున్నారు.

మొదటి గుండు మా గడ్డివాము మీద పడింది. మేమెవరమూ దగ్గర్లో లేము. మేక మాత్రం అక్కడే కట్టేసి ఉంది. ఆ మధ్యాహ్నం అత్తయ్య చాలాసేపు పలుపు తాడు చేత్తో పట్టుకుని కూర్చుంది.

కిటికీ అద్దాలకు కాగితం పట్టీలు అంటించుకున్నాం. గట్టు మీదికి ఎవరూ వెళ్ళకూడదన్నారు. బేసి రాళ్ళలో ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. గుంటలో సున్నం వాడకుండా గట్టిపడుతోంది. మా ఆయన రోజూ దాని మీద నీళ్ళు చల్లేవాడు.

అప్పుడొక సాయంత్రం కాపరి పెరటి గుమ్మం లోంచి వచ్చాడు. వాగు వెంట దారి అతనికే తెలుసు.

"మీ బావను తీసుకెళ్ళారు మేస్త్రీ. మంచంతో సహా లేపినట్టే. ఫొటో వాళ్ళ పేపర్లలో కూడా పడింది. రాళ్ళు శత్రువుకు వదిలేశాడంటున్నారు."

"ఏం చెప్పాడట?"

"లోపల ఏం జరుగుతుందో ఎవరికి తెలుస్తుంది. ఇల్లాలిని కూడా కలవనివ్వట్లేదు."

అతను వెళ్ళాక మా ఆయన చాలాసేపు వేలి పగుళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. సున్నం తిన్న చేతులు, ఎప్పుడూ పగిలే ఉంటాయి. ఆ పగుళ్ళకు నూనె రాస్తూ నేను అన్నాను.

"ఆదివారం పతకమిస్తామని సభకు పిలిచారుగా. మైకు ఇస్తారుగా. ఉన్నది చెప్పేయండి."

"ఏమని?"

"ఆయన జబ్బుపడితే ఆయన వంతు మీరు వేశారని. లాక్కోవడానికి కాదని. వాళ్ళ ఎర్ర పట్టీ కూడా మర్యాదగా దిద్దారని. రాయి వదిలేయలేదు, ఇంకొకరికి అప్పజెప్పాడు అంతేగా. అది తెలిస్తే వాళ్ళూ చల్లబడతారు, మనవాళ్ళూ చల్లబడతారు."

"మనవాళ్ళు నన్ను ద్రోహి అంటారు."

"అననివ్వండి. దేవుడికి తెలుసు."

అత్తయ్య మూలనుంచి అంది. "దేవుడికి తెలుసులే. సాక్ష్యానికి మాత్రం రాడు. ఒరే, నా మాట విని నోరు మూసుకుని వెళ్ళు, వాళ్ళిచ్చేది తీసుకుని నోరు మూసుకుని రా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

"అడుసు తొక్కడం అయిపోయింది కదే అమ్మా," అన్నాడు ఆయన. నా వైపు చూశాడు. నేను నూనె గిన్నె మూత పెట్టాను. ఇంకా అనాల్సిన అవసరం లేకపోయింది. ఆయన నాకంటే ముందే ఆ నిర్ణయానికి వచ్చేశాడని చేతులు చూస్తేనే తెలిసింది. పగుళ్ళు గిల్లుకోవడం ఆపేశాడు.

సభ బడి ఆవరణలో. రాజధాని నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. తెల్లజుట్టు, మంచి గొంతు, నవ్వితే సొంత బాబాయిలా ఉంటాడు. మా ఆయన పక్కింటాయన కోటు తొడుక్కున్నాడు. దాని చేతులు పొట్టివై, మణికట్లు బయటికి కనపడుతున్నాయి. పతకం గుచ్చారు. రేడియోవాళ్ళు మైకు పక్కన ఇంకొక మైకు పెట్టారు. నేను ఆడవాళ్ళ వరసలో ఎదురింటావిడ పక్కన కూర్చున్నాను. ఆయన నోరు తెరిచేదాకా నా నోట ఉన్నది ఆ ప్రార్థన ఆఖరి మాట ఒక్కటే.

ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అయినా స్పష్టంగానే చెప్పాడు.

"నేను గొప్ప పని ఏమీ చేయలేదండీ. అవతలి మేస్త్రికి జబ్బు చేసింది. అతని వంతు నేను వేశాను. నాకు చెయ్యి విరిగినప్పుడు అతను నా వంతు వేశాడు. మన నీలం పట్టీ ఎలా దిద్దానో, వాళ్ళ ఎర్ర పట్టీ కూడా నేనే అలా దిద్దాను. కావాలంటే ఎవరైనా వెళ్ళి అవతలి ముఖం చూడండి. ఇందులో ఎవరూ ఎవరిదీ లాక్కోలేదు."

ఎదురింటావిడ మెల్లగా నా చేతి మీంచి తన చెయ్యి తీసింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఏమన్నా అననీ, చెప్పేశాడు, అనుకున్నాను.

పెద్దమనిషి లేచాడు. కోపంగా లేడు. మా ఆయన భుజం మీద చెయ్యి వేసి మైకు దగ్గరికి వంగాడు.

"విన్నారుగా. ఇంత పని చేసి గొప్ప చెప్పుకోవడం కూడా తెలియని మనిషి. వాళ్ళ మేస్త్రి మంచమెక్కాడట. రాయికి ఇటు చూస్తే మనవాడి చెయ్యి, అటు చూస్తే మనవాడి చెయ్యి. ఇంకా ఆ గట్టు ఎవరిదని అడుగుతారా?"

రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు చప్పట్లు. ఎదురింటావిడ నన్ను వాటేసుకుంది. స్టేజీ మీద మా ఆయన ఒక్కడే చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడు, తప్పు ఇంటికి వెల్ల వేసి వచ్చిన వాడిలా.

దారిలో "చెప్పాను కదా," అన్నాడు.

"చెప్పారు," అన్నాను.

నిజం చెప్పాలంటే నాకు తేలిగ్గానే ఉంది. ఆయన మాట కాస్తో కూస్తో ఎవరి చెవినైనా పడే ఉంటుంది, నిజం నిలకడ మీద తెలుస్తుంది అనుకున్నాను. సాయంత్రం రేడియోలో ఆయన గొంతే వినిపించింది. లాక్కోలేదన్న మాట కత్తిరించారు. జబ్బు చేసిందన్నదీ, ఎర్ర పట్టీ కూడా నేనే దిద్దానన్నదీ ఉంచారు. అత్తయ్య లేచి వెళ్ళి రేడియో కట్టేసింది.

గట్టు మీద గడ్డి పండే వేళకు పెద్దవాళ్ళు చేతులు కలిపారు. ఎక్కడో మూడో దేశంలో, పూలు పెట్టిన బల్లకు అటూ ఇటూ కూర్చుని. మా పెద్దమనిషి కూడా ఉన్నాడు ఫొటోలో, సొంత బాబాయి నవ్వు నవ్వుతూ. రాళ్ళు ఎక్కడివి అక్కడే, బేసివి మనవి, సరివి వాళ్ళవి, అంతా మునుపటిలాగే అన్నారు. లారీలు వెళ్ళిపోయాయి. ఎదురింటావిడ కొడుకు వచ్చాడు, ఒక కాలు లేకుండా. ఆ తర్వాత ఆమె మా వాకిలి వైపు చూడడం మానేసింది. ఆమె తప్పేముంది.

మందలు మళ్ళీ గట్టెక్కాక కాపరి వచ్చాడు. ఈసారి గడప బయట నిలబడలేదు, మెట్టు మీద కూలబడ్డాడు. మంచినీళ్ళు ఇచ్చాను. తాగకుండా చెంబు చేతిలో పెట్టుకున్నాడు.

"మీ బావ ఏం చెప్పాడో తెలిసింది మేస్త్రీ."

మా ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఒకటే మాట మీద నిలబడ్డాడట. రాళ్ళు నేను వదల్లేదు, ఎర్ర పట్టీ నేనే దిద్దాను, అవతలివాడు వచ్చి వాళ్ళ వైపు ముఖానికి మాత్రం నా పూత మీద ఇంకో పూత వేసుకున్నాడు అన్నాడట. ఫొటోలో నీలం పట్టీ ఒక్కటే ఉందిగా. సరేనని వాళ్ళ ఆఫీసర్లు గట్టెక్కి చూశారు. ఎర్ర పట్టీ ఉంది. చారలు ఎడంచేతివే. వీడు చెప్పేది నిజమే అన్నారు."

మా ఆయన ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంది. దాన్ని చూసుకుంటున్నాడు.

"రేపు ఇంటికి పంపిస్తామని ఆ ఇల్లాలికి కబురు కూడా పెట్టారు. ఆమె పక్క దులిపి, కొత్త దుప్పటి వేసింది. నేను అక్కడే ఉన్నాను. ఆ సాయంత్రమే..."

ఆగాడు. ఆ సాయంత్రం ఏమైందో మాకు తెలుసు. ఆ సాయంత్రం రేడియోలో ఎవరి గొంతు వచ్చిందో మా ఇంట్లో ముగ్గురం విన్నాం.

"ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాడు మా ఆయన.

"రాజధానికి తీసుకెళ్ళారన్నారు. ఆ ఊపిరితో. అంతే, ఆ తర్వాత ఎవరికీ ఏమీ తెలియదు."

"చేతులు కలిపారు కదన్నా. ఒప్పందం అయింది కదా. వదిలేయరా?" అన్నాను.

"ఒప్పందం రాళ్ళకమ్మా. మనుషులకు కాదు."

అత్తయ్య లోపలికి వెళ్ళిపోయింది. నేను అడగకుండా ఉండలేకపోయాను. "వదిన ఏమన్నా చెప్పమందా?"

"ఎందుకులే."

"చెప్పన్నా."

అతను చెంబు మెట్టు మీద పెట్టాడు. మా ఇద్దరినీ చూడకుండా, వాకిట్లో మందను చూస్తూ చెప్పాడు. "మా ఆయన ఒకే ఒక్క అబద్ధం ఆడి ఇంటికి వచ్చేస్తున్నాడు. అవతలి అన్నయ్య ఆ ఒక్క పూటా నోరు మూసుకోలేకపోయాడా, అంది."

అందులో తిట్టు లేదు. తిట్టి ఉంటే ఏదో ఒకటి బదులు చెప్పుకునేవాళ్ళం, మాలో మేమైనా.

మరుసటి ఏడు మంచు కరిగాక గట్టు మీద రాళ్ళు పీకేసి సిమెంటు స్తంభాలు నిలబెట్టారు, మధ్యలో ముళ్ళకంచె. రంగు ఫ్యాక్టరీలోనే వేసి వస్తుంది, ఇక వెల్ల పనిలేదు. గుంటలో గట్టిపడ్డ సున్నాన్ని మా ఆయన గునపంతో పెళ్ళగించి పారేశాడు. పతకం ఎక్కడుందో నేను అడగలేదు. పిండి డబ్బా కడుగుతుంటే అడుగున దొరికింది. అక్కడే ఉంచి మళ్ళీ పిండి పోశాను. అత్తయ్య చూసి, "పురుగు పట్టకుండా ఉంటుందిలే," అంది.

ఆయన ఊళ్ళో ఇళ్ళకు వేస్తూనే ఉన్నాడు. ఎవరింటికి వేసినా కుడిచేత్తోనే, ఎప్పటిలాగే చక్కగా. ఒకరోజు మాత్రం నేను రొట్టెల కొట్టు నుంచి వచ్చేసరికి మా దేవుడి గూడు ఉన్న గోడకు వెల్ల వేసి ఉంది. ఇంకా తడి ఆరలేదు. బాల్చీ కడిగి బోర్లించి, ఆయన పెరట్లో కూర్చున్నాడు. సాయంత్రం ఎండ కిటికీలోంచి పక్కగా పడ్డప్పుడు చూశాను. పైనుంచి కింది దాకా చారలన్నీ కుడికి వాలి ఉన్నాయి. ఈసారి వంకర లేదు. ఎక్కడ, ఎప్పుడు సాధన చేశాడో.

ఇప్పటికీ పొద్దున్నే లేచి దీపం పెడతాను. ఇంటిని కాయమంటాను. అవతలి ఇంటిని కూడా కాయమంటాను. ఒంట్లో సత్తువ ఇమ్మంటాను. ఆఖరి మాట దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగిపోతుంది. అబద్ధం రానివ్వకు అని అడగలేను. రానివ్వు అని అడగడం మా నాన్న నేర్పలేదు. దేవుడా, నువ్వే చెప్పు అని చూస్తాను. పైవాడు ఏనాడూ ఏమీ అనలేదు. దీపం వెలుగుకు వెనక గోడ మీద ఎడంచేతి చారలు కనపడుతుంటాయి. కాసేపు వాటినే చూస్తూ కూర్చుని, పొయ్యి వెలిగించడానికి లేస్తాను.